క్లబ్ పేరుతో వచ్చిన ఆ లెటర్‌ని వీసా ఫైల్లో పెట్టకండి

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది కాజీపేట. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా నాన్న రైల్వేలో రిటైరయ్యారు. వయసులో ఉండగా రైల్వే గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ ఆడేవారు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ అంటే ఆయనకు ప్రాణం. 1999 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ రాత్రి నన్ను కూడా లేపి టీవీ ముందు కూర్చోబెట్టారు. ఆయన్ని ఒక్కసారి ఆ జట్టు స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్‌కి తీసుకెళ్లాలని నా కోరిక. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ట్రావెల్ ఏజెన్సీ ప్రకటన చూశాను. రెండు మ్యాచ్ టికెట్లు, ట్రైనింగ్ గ్రౌండ్‌లో ఆటగాళ్లతో ఫోటో, కోచ్‌తో పది నిమిషాలు, అన్నీ కలిపి ఇద్దరికీ 4 లక్షల 60 వేలు అన్నారు. లక్షా 80 వేలు అడ్వాన్స్ కట్టాను. టికెట్లు మ్యాచ్ రోజు ఉదయం స్టేడియం దగ్గర తమ మనిషి ఇస్తాడంటున్నారు. మొన్న క్లబ్ ఇచ్చిందంటూ ఒక ఆహ్వాన లేఖ పీడీఎఫ్ పంపి, వీసా దరఖాస్తుతో అది తప్పనిసరిగా జత చేయాలన్నారు. ఆ లెటర్ వచ్చింది మామూలు జీమెయిల్ అడ్రస్ నుంచి. నాకు అనుమానంగా ఉంది. అడ్వాన్స్ వెనక్కి అడిగితే 'నో రీఫండ్' అంటున్నారు. ఏం చేయాలి? ఇవేమీ లేకుండా మేమే వెళ్లి ట్రైనింగ్ గ్రౌండ్ బయట నిలబడి ఆటగాళ్లను కలిస్తే పోలీసులతో సమస్య వస్తుందా? మా నాన్నకి ఇంకా ఏమీ చెప్పలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు డబ్బు గురించి ఎక్కువ రాశారు, లెటర్ గురించి రెండు ముక్కలే రాశారు. నాకు మాత్రం ఆ లెటరే పెద్ద భయం. లక్షా 80 వేలు రాబట్టుకోవడానికి మన చట్టంలో దారులున్నాయి. వీసా రికార్డు మీద పడిన మచ్చ పోవడం చాలా కష్టం. అందుకే ముందు దాని సంగతి చెబుతాను.

బ్రిటన్‌కి మామూలు విజిటర్ వీసా మీద వెళ్లేవాళ్లకు ఆహ్వాన లేఖ తప్పనిసరి కాదు. మ్యాచ్ చూడటం, స్టేడియం తిరిగి రావడం పర్యాటకం కిందకే వస్తాయి. వీసా అధికారికి కావలసింది వేరు. మీరు నిజంగా చూడటానికే వస్తున్నారా, ఖర్చు మీరు భరించగలరా, గడువులోగా తిరిగి వెళ్తారా, ఈ మూడూ తేలాలి. మీ జీతం స్లిప్పులు, కంపెనీ ఇచ్చిన లీవ్ లెటర్, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, మీ నాన్నగారి పెన్షన్ కాగితాలు, ఆయన ఖర్చు మీరే పెట్టుకుంటున్నట్టు మీరు రాసి సంతకం చేసిన ఒక లెటర్. ఇవి చాలు. ప్రయాణ ఉద్దేశం దగ్గర ఉన్నది ఉన్నట్టు రాయండి: నాన్నగారితో కలిసి మాంచెస్టర్‌లో ఒక లీగ్ మ్యాచ్ చూడటానికి, స్టేడియం సందర్శించడానికి. అందులో దాచాల్సిందేమీ లేదు.

ఇప్పుడు ఆ పీడీఎఫ్ పెడితే ఏమవుతుందో చూడండి. నకిలీ పత్రం జత చేశారని తేలితే, అది నకిలీ అని దరఖాస్తుదారుకు తెలియకపోయినా సరే వీసా నిరాకరించే అధికారం బ్రిటన్ నిబంధనల్లో ఉంది. తెలిసే పెట్టారని వాళ్లు నిర్ణయిస్తే అది మోసం కిందకి వస్తుంది, ఆ తర్వాత పదేళ్ల పాటు మీరు పెట్టే దరఖాస్తులు తిరస్కరించవచ్చు. విజిటర్ వీసా తిరస్కరణ మీద మామూలుగా అప్పీలు హక్కు కూడా ఉండదు. రేపు మీ కంపెనీ మిమ్మల్ని ఆన్‌సైట్‌కి కెనడాకో, ఆస్ట్రేలియాకో పంపాలనుకుంటే అక్కడి ఫారంలోనూ 'ఇంతకు ముందు ఏ దేశమైనా వీసా నిరాకరించిందా' అనే ప్రశ్న ఉంటుంది. పైగా మీ నాన్నగారి దరఖాస్తు విడిగా ఉంటుంది. మీరు అప్‌లోడ్ చేసినా ఆ పత్రం ఆయన పేరు మీదే పెట్టినట్టు లెక్క. జీవితమంతా నిజాయితీగా ఉద్యోగం చేసి రిటైరైన మనిషి రికార్డులోకి ఆ మాట రానివ్వకండి.

ఇంకో విషయం. మీకు అనుమానం వచ్చింది, ఆ మాట నాకు రాసి మరీ చెప్పారు. ఇక మీదట 'నాకు తెలియదు' అనే వాదన నిలబడదు. నకిలీ అని తెలిసి, లేదా నకిలీ అని నమ్మడానికి కారణం ఉండి కూడా పత్రాన్ని అసలుదిగా వాడటం మన భారతీయ న్యాయ సంహిత 340వ సెక్షన్ కింద కూడా నేరమే. లెటర్ నిజమో కాదో తేల్చుకోవాలంటే క్లబ్ అధికారిక వెబ్‌సైట్‌లో ఉన్న కాంటాక్ట్ పేజీ నుంచి అడగండి. లెటర్ మీద ఉన్న ఫోన్ నంబర్‌కి చేయకండి. అక్కడ ఎత్తేది ఏజెన్సీ మనిషే కావచ్చు.

టికెట్ల విషయానికి వద్దాం. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ టికెట్ చట్టం మనకు అలవాటైన పద్ధతిలో ఉండదు. ఇక్కడ సినిమా టికెట్ బ్లాక్‌లో కొన్నా పెద్దగా ఎవరూ పట్టించుకోరు. అక్కడ 1994 నాటి క్రిమినల్ జస్టిస్ అండ్ పబ్లిక్ ఆర్డర్ చట్టం 166వ సెక్షన్ ప్రకారం, మ్యాచ్ నిర్వాహకుల నుంచి రాతపూర్వక అనుమతి లేనివాళ్లు ఫుట్‌బాల్ టికెట్ అమ్మడమే నేరం. ఎక్కువ ధరకు అమ్మారా, అసలు ధరకే ఇచ్చారా అన్నది కూడా చూడరు. 'మేం టికెట్ అమ్మడం లేదు, హోటల్ ప్యాకేజీ కొన్నవాళ్లకు ఫ్రీగా ఇస్తున్నాం' అనే మాట కూడా అక్కడ పనికిరాదు. వేరే వస్తువుకో, సేవకో డబ్బు కట్టినవాళ్లకు టికెట్ ఇవ్వడాన్ని కూడా ఆ సెక్షన్ అమ్మకంగానే చూస్తుంది. ఈ సెక్షన్ కింద నేరం అమ్మేవాడిది. కొన్న మీ మీద కేసు ఉండదు. కానీ నష్టం మీకే. ఆ టికెట్‌ని క్లబ్ రద్దు చేయవచ్చు, గేటు దగ్గర ఆపేయవచ్చు. చాలాసార్లు ఇలాంటి ఏజెంట్లు ఇచ్చేది క్లబ్‌లో వేరే సభ్యుడి పేరు మీదున్న పాస్, అదీ ఫోన్‌లో. మ్యాచ్ రోజు ఉదయం 'మా మనిషి ఇస్తాడు' అన్నారంటేనే ఏదో తేడా ఉందని అర్థం. ఏజెన్సీని ఒకే ఒక ప్రశ్న ఈమెయిల్‌లో అడగండి: ఈ టికెట్లు అమ్మడానికి క్లబ్ మీకిచ్చిన అనుమతి పత్రం చూపిస్తారా? జవాబు రాకపోతే ఆ మౌనం కూడా మీ కేసులో సాక్ష్యమే.

ఆటగాళ్లతో ఫోటో, కోచ్‌తో పది నిమిషాలు అన్న హామీని నేను అంతకంటే తక్కువ నమ్ముతాను. ఆటగాడి సమయం అమ్మే హక్కు ఎవరికి ఉంది? క్లబ్‌కో, ఆటగాడికో, వాళ్లతో ఒప్పందం ఉన్నవాళ్లకో. ఆ ఒప్పందం చూపించమనండి. ఒప్పందం ఉన్నచోట కూడా ఏం జరుగుతుందో మనం 2025 డిసెంబర్ 13న కోల్‌కతాలో చూశాం. మెస్సీ నిజంగానే సాల్ట్ లేక్ స్టేడియానికి వచ్చాడు. వేలకు వేలు పోసి టికెట్లు కొన్న అభిమానులకు మాత్రం ఆయన సరిగా కనపడలేదు. కుర్చీలు విరిగాయి, ప్రధాన నిర్వాహకుణ్ణి పోలీసులు అరెస్టు చేశారు. మన దేశంలో, మన పోలీసుల కళ్ల ముందే అలా జరిగింది. మాంచెస్టర్‌లో ఎవరో గుర్తు తెలియని మనిషి చేతిలో మీ నాన్నగారిని పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఇక మీ డబ్బు. 'నో రీఫండ్' అని ఇన్‌వాయిస్ మీద అచ్చు వేసినంత మాత్రాన మీ హక్కు పోదు. ఇవ్వలేని సేవను ఇస్తామని ప్రకటించి డబ్బు తీసుకోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. ఇస్తామన్నది ఇవ్వకపోవడం సేవా లోపం. ఏజెన్సీ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. 34వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. 'వివాదాలన్నీ ముంబై కోర్టులోనే' అని వాళ్లు చిన్న అక్షరాల్లో రాసుకున్నా భయపడకండి. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫిర్యాదుకు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. వివాదం మొదలైన రోజు నుంచి రెండేళ్ల గడువుంది. అయినా ఆలస్యం చేయకండి. ఇలాంటి ఏజెన్సీలు బోర్డు మార్చేస్తాయి.

ఫిర్యాదుకు ముందు ఒక లీగల్ నోటీసు పంపండి. ఏ తేదీన ఎంత కట్టారు, వాళ్లు ఏం హామీ ఇచ్చారు, అనుమతి పత్రాలు అడిగితే ఏమన్నారు, 15 రోజుల్లో డబ్బు వాపసు ఇవ్వాలి. అంతకు మించి కోపంగా ఒక్క మాట కూడా వద్దు. ఫోన్‌లో తిట్టుకున్న ఆడియో క్లిప్పులు కమిషన్ ముందుకి వచ్చి ఫిర్యాదుదారుకే ఇబ్బంది అయిన కేసులు నేను చూశాను. వాట్సాప్ చాట్‌ని ఈ రోజే ఎక్స్‌పోర్ట్ చేసి ఈమెయిల్‌కి పంపుకోండి. ఇన్‌స్టాగ్రామ్ ప్రకటన తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి, రేపటికి అది ఉండకపోవచ్చు. పాత ఫోన్ మార్చాలనుకుంటే కేసు తేలేదాకా ఆగండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అసలు ఫోన్ ఉంటే ఆ పని సులువు.

లెటర్ నకిలీ అని క్లబ్ నుంచి జవాబు వస్తే కథ మారుతుంది. అప్పుడది సేవా లోపం దాటి చీటింగ్ అవుతుంది. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరం. కాజీపేటలో ఇచ్చినా, హైదరాబాద్‌లో ఇచ్చినా పోలీసులు ఫిర్యాదు తీసుకోవాల్సిందే. 'మా పరిధి కాదు' అంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది) అడగండి. డబ్బు ఆన్‌లైన్‌లో వెళ్లింది కాబట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫోన్ చేయండి. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో డిస్ప్యూట్ వేయండి, దానికి గడువు తక్కువ. మిగతా 2 లక్షల 80 వేలు మాత్రం ఎన్ని తియ్యటి మాటలు చెప్పినా కట్టకండి.

ట్రైనింగ్ గ్రౌండ్ బయట నిలబడటం నేరమా అని అడిగారు. కాదు. యునైటెడ్ ట్రైనింగ్ గ్రౌండ్ కారింగ్టన్‌లో ఉంది. పబ్లిక్ రోడ్డు మీద, ఎవరికీ అడ్డం లేకుండా నిలబడితే ఎవరూ అరెస్టు చేయరు. గేటు లోపలంతా క్లబ్ సొంత స్థలం. సెక్యూరిటీ వెళ్లమంటే వాదించకుండా వెళ్లిపోవాలి. కార్లకు అడ్డం వెళితే రోడ్డు అడ్డగింత కేసు అవుతుంది. ఆటగాడి కారు వెంట ఇంటిదాకా వెళ్లే ఆలోచన మాత్రం అసలు పెట్టుకోకండి. 1997 నాటి వేధింపుల నిరోధక చట్టం కింద, వేధించే పని రెండుసార్లు చేస్తే చాలు, నేరమవుతుంది. అభిమానంతో చేశామన్నంత మాత్రాన వదిలేయరు. చిన్నపిల్లలున్న ఇల్లు అని ఒక్క క్షణం ఆలోచిస్తే వాళ్ల భయం మనకూ అర్థమవుతుంది.

మైదానంలోకి దిగి సెల్ఫీ తీసుకునే వీడియోలు మీరూ చూసే ఉంటారు. మీరు అలా చేయరని తెలుసు, అయినా చెప్పడం నా బాధ్యత. 1991 నాటి ఫుట్‌బాల్ నేరాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా మైదానంలో అడుగుపెట్టడమే నేరం. వెయ్యి పౌండ్ల దాకా జరిమానా, దానితో పాటు కనీసం మూడేళ్లు స్టేడియాలకు రాకుండా నిషేధ ఉత్తర్వు వేయవచ్చు. ఆ శిక్ష తర్వాతి ప్రతి వీసా ఫారంలో రాయాల్సిందే. మన దగ్గరిలా కాకుండా అక్కడ స్టేడియంలో బీరు అమ్ముతారు గానీ, మైదానం కనిపించే చోటికి తీసుకెళ్లి తాగకూడదు. కొత్తగా వెళ్లినవాళ్లు తెలియక పొరపాటు పడేది ఇక్కడే.

మరి ఎలా వెళ్లాలి? క్లబ్ అధికారిక మెంబర్‌షిప్ ఇద్దరి పేర్ల మీద తీసుకోండి, టికెట్లకు మీ పేరుతోనే దరఖాస్తు చేయండి. దొరకకపోతే క్లబ్ నేరుగా అమ్మే హాస్పిటాలిటీ సీట్లున్నాయి, అంటే భోజనం లాంటి సౌకర్యాలు కలిపి ఇచ్చేవి. ఖరీదే, కానీ మీరు ఏజెన్సీకి ఇవ్వబోయిన మొత్తంతో పోల్చి చూసుకోండి. వీసా చేతికొచ్చేదాకా వాపసు రాని విమాన టికెట్లు కొనకండి. వీసా ఫీజు తిరస్కరణ అయినా తిరిగిరాదు. ఆటగాళ్లను దగ్గరగా చూడాలన్న కోరిక తీరడానికి ఇంకో మంచి దారి ఉంది, మనవాళ్లు దాన్ని పట్టించుకోరు. యునైటెడ్ మహిళల జట్టు మ్యాచ్‌లు లీ స్పోర్ట్స్ విలేజ్‌లో జరుగుతాయి. టికెట్ చాలా చౌక, స్టేడియం చిన్నది, ఆట అయ్యాక ఆటగాళ్లు కంచె దగ్గరికి వచ్చి అభిమానులతో మాట్లాడటం అక్కడ మామూలే.

మీ నాన్నగారికి ఇప్పుడే చెప్పండి. అడ్వాన్స్ కట్టిన సంగతి కూడా చెప్పండి. హైదరాబాద్ రహీమ్ సాబ్ కోచ్‌గా మన జట్టు 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వెళ్లిన కథలు వింటూ పెరిగిన తరం అది. ఏజెంటు చేతిలో మోసపోయారని తెలిస్తే బాధపడతారేమో గానీ, మీ మీద కోపం తెచ్చుకోరు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఒక స్టాండ్‌కి ఫెర్గూసన్ పేరే పెట్టారు. బయట ఆయన విగ్రహం ఉంది. దాదాపు 27 ఏళ్లు మేనేజర్‌గా ఆ జట్టును నడిపిన మనిషి. మ్యాచ్ రోజున స్టేడియం టూర్ మామూలుగా ఉండదు కాబట్టి, అంతకు ముందు రోజుకి బుక్ చేసుకోండి. మెట్లు చాలా ఉంటాయి. రిటైరైన వయసు కాబట్టి, నాన్నగారికి మోకాళ్ల ఇబ్బంది ఏమైనా ఉంటే బుకింగ్ సమయంలోనే ఆ మాట రాయండి, లిఫ్ట్ ఉన్న దారిలో తీసుకెళ్తారు.