కారే గోడకు షీట్లెందుకు, అదీ అప్పు చేసి?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. నాన్నగారు 1984లో కట్టించిన ఇల్లు. కింద మేముంటున్నాం, పై వాటా 9,000కి అద్దెకిచ్చాం. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాక మా ఇల్లు మరీ వెలవెలబోతోంది. ముందు గోడకూ పడమటి గోడకూ హెచ్‌పీఎల్ (గట్టిగా ఒత్తి చేసిన లామినేట్) షీట్లతో క్లాడింగ్, అంటే గోడకు బయటి తొడుగు, చేయిద్దామంటే కాంట్రాక్టరు 5.60 లక్షలు అడిగాడు. నాకు 47 ఏళ్లు, ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఉద్యోగం, జీతం 58,000. ఎఫ్‌డీ 1.10 లక్షలుంది. బంగారం మీద 2 లక్షలు, పర్సనల్ లోన్ 2.50 లక్షలు తీసుకుందామనుకుంటున్నాను. 3 లక్షల చీటీ ఒకటి ఉంది, 20 నెలల్లో 11 కట్టాను, అవసరమైతే పాడేస్తాను. ఇల్లు ఆస్తే కాబట్టి పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు. పడమటి గోడకు చెమ్మ వస్తోంది, షీట్లు వేస్తే అదీ కనబడదు. మా ఆలోచన సరైనదేనా?

జవాబు: కాదు. ఇల్లు ఆస్తే, షీట్లు మాత్రం ఖర్చు. ఈ తేడా చూసుకోక అప్పులపాలైనవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టే మీ ప్రశ్న తీసుకున్నాను. బ్రాడీపేటలో నలభై ఏళ్లు దాటిన ఇల్లు కొనడానికి వచ్చేవాడు గజం ఎంతని స్థలానికి లెక్క కడతాడు. గోడకు ఏం తొడిగారో చూసి లక్ష ఎక్కువివ్వడు. పై వాటా అద్దె మహా అయితే వెయ్యి పెరుగుతుందేమో. 2.50 లక్షల పర్సనల్ లోన్‌ 14 శాతం వడ్డీకి దొరికినా, మూడేళ్లకు నెల వాయిదా దాదాపు 8,540. అంటే అద్దె వచ్చింది వచ్చినట్టే బ్యాంకుకు పోతుంది. వాటా రెండు నెలలు ఖాళీగా ఉంటే?

ఆ పైన బంగారం. ఇంట్లో ఎవరినైనా అర్ధరాత్రి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే మీకున్న చివరి దారి అది. దాన్ని గోడ అందానికి తాకట్టు పెట్టేశాక, ఆ రాత్రి ఎవరి దగ్గరికి వెళ్తారు? ఉన్న ఒక్క ఎఫ్‌డీ కూడా కాంట్రాక్టరు చేతిలో పోస్తానంటున్నారు. ఇక ప్రైవేటు కాలేజీల సంగతి నేను చెప్పాలా? జూన్ జీతం ఆగస్టులో పడినా అడిగే దిక్కుండదు. అలాంటి ఉద్యోగంలో ఉండి అత్యవసర నిధి అనే మాటే మీ ఉత్తరంలో లేదు. నాకు కోపం వచ్చింది అక్కడే.

మీ ఇంట్లో తప్పనిసరి ఖర్చు, పిల్లల ఫీజులు తీసేసి, నెలకు 38,000 అనుకుందాం. అత్యవసర నిధిగా ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలి, అంటే 2.28 లక్షలు. పాత ఇల్లున్నవాళ్లకు నేను ఇంకో 70,000 కలపమంటాను. మోటారు కాలిపోవడం, స్లాబు పెచ్చులూడటం, డ్రైనేజీ పైపు పగలడం లాంటివి చెప్పి రావు. మొత్తం దాదాపు 3 లక్షలు. మీ చీటీ సరిగ్గా అంతే! దాన్ని ఇప్పుడే పాడితే తగ్గించి తీసుకోవాలి. మిగిలిన తొమ్మిది నెలలు ఆగితే కమీషన్ పోను దాదాపు పూర్తిగా చేతికొస్తుంది. రాగానే సేవింగ్స్ ఖాతాలో కొంత, విడివిడి ఎఫ్‌డీల్లో కొంత పడేయండి. షేర్లూ వద్దు, ఇంకో చీటీ కూడా వద్దు.

ఇప్పుడు గోడ. మీరు పంపిన ఫొటోలో పిట్టగోడ కింద నల్లటి చారలు దిగి ఉన్నాయి. వాననీటి పైపు వంపు దగ్గర క్లాంపు తుప్పుపట్టి ఊడింది, సన్‌షేడ్ పగుల్లో రావి మొక్క మొలిచింది. చెమ్మ ఎక్కణ్నుంచి వస్తోందో చెప్పడానికి ఇంజినీరు కూడా అక్కర్లేదు. దీని మీద ఫ్రేము బిగించి షీట్లు వేస్తే నీళ్లు ఆగవు, మీకు కనబడటం ఆగుతుంది. ఫ్రేము కోసం పాత ఇటుక గోడకు కొట్టే ప్రతి బోల్టూ సరిగ్గా సీలు చేయకపోతే ఇంకో బెజ్జమే. ఆ రావి మొక్క వేరు షీటు వెనక హాయిగా పెరుగుతుంది.

ఎఫ్‌డీలోంచి అవసరమైనంత తీసి మొక్కను వేరుతో పీకించండి, పైపు మార్పించండి, పిట్టగోడకూ మేడకూ వాటర్‌ప్రూఫింగ్ చేయించండి, ఊడిన ప్లాస్టరింగ్ కొట్టించి కొత్తగా వేయించండి. ఒక వానాకాలం చూడండి. గోడ పొడిగా ఉంటే సంక్రాంతి దాటాక ప్రైమర్ కొట్టి మంచి ఎక్స్‌టీరియర్ పెయింటో, టెక్స్చరో వేయించుకోవచ్చు. అప్పటికీ షీట్లే కావాలంటే, చీటీ అయిపోయాక మిగిలే వాయిదా సొమ్మును ఏడాదో రెండేళ్లో పోగేసి ముందు గోడ వరకు చేయించుకోండి. ఫైబర్ సిమెంటు బోర్డు ధర కూడా అడగండి. ఏసీపీ (రెండు అల్యూమినియం రేకుల మధ్య వేరే పదార్థం పెట్టిన షీటు) చవకని అంటగడితే, మధ్యలో మామూలు ప్లాస్టిక్ ఉన్న రకం వద్దనండి. అది నిప్పంటుకుంటే ఆగదు. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది పోవడానికి అలాంటి షీట్లే ప్రధాన కారణం.

ఇంటికి భారత్ గృహ రక్ష అనే బీమా పాలసీ తీసుకోండి, వరదకు కూడా వర్తిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచడం చూశాం కదా. గోడ చెమ్మకు మాత్రం ఏ పాలసీ డబ్బివ్వదు. కాలేజీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే పోతుంది, కాబట్టి కుటుంబానికి విడిగా ఒకటి ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్టీ కూడా లేదు.

కాంట్రాక్టరుకు అడ్వాన్సు ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే, దాన్ని పిట్టగోడ, పైపు పనికి సర్దమని అడగండి.