ఐ7 స్టిక్కర్ చూసి పాత లాప్‌టాప్ కొనకండి

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. డేటా అనలిస్ట్ కావాలని ఆశ. రోజూ కాలేజీకి తీసుకెళ్లడానికి తేలికైన పాత లాప్‌టాప్ కొందామనుకుంటున్నాం. ఇంటెల్ ప్రాసెసర్లలో ఐదో తరం ఐ7 ఉన్నది ఒకటి, ఎనిమిదో తరం ఐ5 ఉన్నది ఒకటి చూశాం. ధర దాదాపు ఒకటే. ఏది తీసుకోమంటారు?

జవాబు: ఎనిమిదో తరం ఐ5 తీసుకోండి. పేరులో 7 ఉంది కదా, అదే గట్టిదని అనిపించడం సహజం. కానీ తేలికపాటి లాప్‌టాప్‌లలో పెట్టిన ఐదో తరం ఐ7లకు ఉండేవి రెండు కోర్లే (కోర్ అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం). 2017లో వచ్చిన 8250యూ లాంటి ఎనిమిదో తరం ఐ5లకు నాలుగు. పైగా విండోస్ 10కి మామూలు సపోర్ట్, అంటే సెక్యూరిటీ అప్‌డేట్ల లాంటివి, 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11 నడిచే ప్రాసెసర్లంటూ మైక్రోసాఫ్ట్ ఇచ్చిన జాబితాలో ఐదో తరం లేదు, ఎనిమిదోది ఉంది. పాతదాంట్లో కూడా విండోస్ 11 ఎలాగోలా ఎక్కించి ఇస్తామని అమ్మేవాళ్లు అంటారు, ఒప్పుకోకండి. అమ్మాయి ఉద్యోగంలో చేరేదాకా ఈ మెషీన్ నమ్మకంగా నడవాలి.

ర్యామ్ (పని చేసేటప్పుడు మెషీన్ వాడుకునే మెమరీ) దగ్గర మాత్రం రాజీ పడొద్దు. డేటా పనికి వాడే ఎక్సెల్, పైథాన్, ఎస్‌క్యూఎల్ నేర్చుకోవడానికి 8 జీబీతో పని జరుగుతుంది, 16 ఉంటే హాయి. బరువు తగ్గించడానికి చాలా మోడళ్లలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకోలేం. లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ అలాంటిదే. ఒక కిలో దాటి కొంచెమే ఉంటుంది కాబట్టి మోయడానికి బాగుంటుంది, కానీ 16 జీబీది దొరికితేనే తీసుకోండి. థింక్‌ప్యాడ్ టీ480 కాస్త బరువు, దానికి ర్యామ్ స్లాట్లు రెండు. ముందు 8తో కొని తర్వాత పెంచుకోవచ్చు. హార్డ్ డిస్క్ ఉన్నది వద్దు, దానికంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ ఉన్నదే చూడండి.

యాపిల్ వాళ్ల ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ కూడా తేలికే, బ్యాటరీ చాలాసేపు వస్తుంది. అయితే డేటా ఉద్యోగాల ప్రకటనల్లో తరచూ కనిపించే పవర్ బీఐ డెస్క్‌టాప్ (డేటాతో చార్టులు, రిపోర్టులు తయారుచేసే సాఫ్ట్‌వేర్) విండోస్‌లోనే నడుస్తుంది. మీ అమ్మాయి ఎంచుకున్న దారికి అందుకే నేను విండోస్ వైపే మొగ్గుతాను. పెద్ద ఏఐ మోడళ్లు ట్రెయిన్ చేయాల్సి వస్తే గూగుల్ కోల్యాబ్ ఉంది, గూగుల్ కంప్యూటర్ల మీద బ్రౌజర్‌లోనే పని అవుతుంది. గ్రాఫిక్స్ కార్డు కోసం బరువైనది కొనక్కర్లేదు.

డబ్బు ఇచ్చే ముందు బ్యాటరీ రిపోర్ట్ తీయించండి. డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. రెండోది మొదటిదాంట్లో సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. కంపెనీలు వాడి వదిలేసిన లాప్‌టాప్‌లు గట్టిగానే ఉంటాయి, కానీ కొన్నిటికి పాత యజమాని పెట్టిన బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్) పాస్‌వర్డ్ అలాగే ఉండిపోతుంది. ఆన్ చేయించి, బయోస్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, పాస్‌వర్డ్ అడుగుతుందేమో చూడండి. అమ్మాయిని వెంట తీసుకెళ్లి పది నిమిషాలు టైప్ చేయనివ్వండి. చార్జర్‌తో కలిపి బ్యాగులో పెట్టి భుజాన వేసుకుని చూడమనండి. రోజూ మోయాల్సింది తనే కాబట్టి చివరి మాట తననే చెప్పనివ్వండి.