811ఏ ట్యూబుల హామ్ (అమెచ్యూర్ రేడియో) యాంప్లిఫయర్‌కి ప్లేట్ వోల్టేజ్ 900 వోల్టుల నుంచి పెంచడం ఎలా?

మీ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ 1000 వోల్టులు, బ్రిడ్జ్ (ఏసీని డీసీ చేసే డయోడ్ల జట్టు) తర్వాత చోక్ (తీగ చుట్టిన కాయిల్), ఆ తర్వాత కెపాసిటర్ అన్నారు. చోక్ ముందుంటే డీసీ, ఏసీకి సుమారు 0.9 రెట్లే వస్తుంది. అందుకే 900. చోక్ తీసేసి బ్రిడ్జ్ తర్వాత నేరుగా కెపాసిటర్లు పెడితే లోడ్ లేనప్పుడు 1.41 రెట్లు, అంటే 1400 పైనే వస్తుంది. మాట్లాడేటప్పుడు ఇంకాస్త దిగుతుంది.

ఇది ఊరికే రాదు. కెపాసిటర్లు కరెంటును చిన్న చిన్న పల్సులుగా లాగుతాయి కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువ వేడెక్కుతుంది, ఇదివరకటంత డీసీ కరెంటు దాన్నుంచి ఆశించకండి. 450 వోల్టుల ఎలక్ట్రోలిటిక్‌లు నాలుగు సిరీస్‌లో పెట్టి, ఒక్కోదానికి లక్ష ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ అడ్డంగా కలపండి. వోల్టేజ్ సమంగా పంచుకోవడానికి అవి తప్పనిసరి. బ్రిడ్జ్‌లో ప్రతి వైపూ 1ఎన్4007 డయోడ్లు మూడేసి సిరీస్‌లో ఉంటే నిశ్చింత.

811ఏ గరిష్ఠం 1500 వోల్టులు. 1250 దాకా బయాస్ (గ్రిడ్‌కి ఇచ్చే స్థిర వోల్టేజ్) లేకుండా నడుస్తుంది, ఆ పైన నాలుగైదు వోల్టుల నెగటివ్ బయాస్ ఇవ్వాలి. లేకపోతే మాట్లాడకపోయినా ప్లేట్లు వేడెక్కుతాయి. ట్యాంక్ (అవుట్‌పుట్‌లోని కాయిల్, కెపాసిటర్ల సర్క్యూట్) కూడా మళ్లీ ట్యూన్ చేసుకోవాలి.

దయచేసి ఒక్కటి వినండి. ఈ వోల్టేజ్ ప్రాణం తీస్తుంది. ప్లగ్ పీకినా కెపాసిటర్లలో ఛార్జ్ ఉంటుంది. మీటర్‌తో సున్నా చూసుకుని, ఇన్సులేటెడ్ కర్రకు కట్టిన ఎర్త్ వైరుతో షార్ట్ చేశాకే లోపల చెయ్యి పెట్టండి.