ఇసుకలో గుడారం మేకులు ఊడిపోకుండా ఏం చేయాలి?

కడప జిల్లా పుష్పగిరి వద్ద పెన్నా నది ఇసుకలో గుడారం వేస్తే గాలికి మేకులు ఊడివస్తున్నాయని అడిగారు. పొడి ఇసుక రేణువులు ఒకదానినొకటి పట్టుకోవు కనుక అక్కడ సన్నని మేకును నమ్మకూడదు. దానికి బదులు చిన్న గోనెసంచిని ఇసుకతో నింపి, సంచి నడుముకు గుడారం తాడు కట్టి, తాడు లాగే దిశకు అడ్డంగా తవ్విన సుమారు 45 సెంటీమీటర్ల లోతు గోతిలో పడుకోబెట్టి, తాడు బయటికి రావడానికి ఏటవాలుగా గాడి తీసి, పైన ఇసుక కప్పి గట్టిగా తొక్కాలి. అప్పుడు సంచి వెడల్పూ, దానిపైనున్న ఇసుక బరువూ కలిసి లాగుడును ఎదుర్కొంటాయి. కప్పిన ఇసుకను తడిపితే పట్టు పెరుగుతుంది, అయితే ఆరితే పోతుంది. తాడు నేలకు దగ్గరగా వాలి ఉండాలి. నిటారుగా ఉంటే సంచిని పైకి పెకలిస్తుంది. ఎగువన మైలవరం జలాశయం ఉంది కాబట్టి, నీరు వదిలే రోజుల్లో నదిగర్భంలో గుడారం వేయవద్దని నా గట్టి మనవి.