కబుకీ నటులు, చెక్క పలకలు

ప్రశ్న: జపాన్ సంప్రదాయ నాటకం కబుకీ నటుల పాత బొమ్మల్లో ఏడెనిమిది రంగులున్నా ఏదీ గీత దాటదు. యంత్రం లేకుండా ఎలా కుదిరింది? నేను లినోలియం చెక్కి కాగితం మీద అద్దుతుంటే మూడో రంగుకే బొమ్మ చెదిరిపోతోంది. (ఒక పాఠకురాలు, పెడన)

జవాబు: మీ ఊళ్లో అచ్చును తీసుకెళ్లి గుడ్డ మీద అద్దుతారు. అక్కడ పలక కదలదు, కాగితమే దాని మీదికి వస్తుంది. పలక కుడి మూలన 'ఎల్' ఆకారపు గాడి, అదే అంచున ఎడమకు తిన్నటి గాడి ఒకటి ఉంటాయి. ఈ జంట పేరు కెంతో. కాగితం మూలను మొదటి గాడిలో, అంచును రెండోదాంట్లో ఆనించి పరుస్తారు. ముందు గీతల పలకను కెంతోతో సహా చెక్కి, దాన్నుంచి తీసిన నకళ్లను మిగతా చెరీ పలకల మీద బోర్లా అంటించి, రంగుకో పలక చెక్కుతారు. అందుకే అన్నిటి మీదా గుర్తులు ఒకేచోట పడతాయి. 1765లో చిత్రకారుడు హరునోబు బొమ్మలతో ఊపందుకున్న నిండు రంగుల అచ్చుకు ఆధారం ఈ రెండు గాడులే.

గుర్తులు సరిగా ఉన్నా చెదురుతోందా? అయితే తప్పు తేమది. కాగితం తడిస్తే సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. నీటి రంగులైతే ముందురోజు రాత్రే తడి కాగితాలు, పొడి కాగితాలు ఒకటి విడిచి ఒకటి పేర్చి, ప్లాస్టిక్‌లో చుట్టి, పైన బరువు పెట్టండి. రంగులన్నీ పడేదాకా ఆ తేమ పోకూడదు. రంగులో కాస్త బియ్యప్పిండి జావ కలపండి. జావ చాలకపోతే నువ్వులు చల్లినట్టు చుక్కలు వస్తాయి, ఎక్కువైతే అంచుల్లో రంగు పేరుకుంటుంది. నూనె ఇంకైతే మాత్రం కాగితం తడపకండి, ఒక రంగు ఆరాకే రెండోది వేయండి.

ప్రశ్న: నాటకం చూడలేనివాళ్లకు ఈ బొమ్మలు నిజంగా అందాయా?

జవాబు: అందాయి. ఒక బొమ్మ వెల గిన్నెడు నూడుల్స్ ధరకు కాస్త అటూ ఇటూ. 1794లో చిత్రకారుడు షరాకు వేసిన, ఎదోబెయి అనే నాటక పాత్రలోని నటుడి బొమ్మ చూడండి: వెనక నల్లని అభ్రకపు మెరుపు, బిగిసిన పెదవులు, బట్టల్లోంచి పొడుచుకొచ్చిన రెండు చేతులు, విచ్చుకున్న వేళ్లు. నాటకంలోని ఆ ఒక్క క్షణం ఇంటి గోడకెక్కింది. 1842లో ప్రభుత్వం నటుల బొమ్మల్ని నిషేధిస్తే, కొన్నేళ్లకు కునియోషి అనే చిత్రకారుడు వాళ్ల ముఖాలనే గోదాం గోడ మీద గీకిన పిచ్చిగీతల్లా వేసి అమ్మించాడు. గడుసుదనమంటే అది!

ప్రశ్న: కథల పుస్తకాలనూ పలకల మీదే చెక్కడమెందుకు, పేర్చుకునే విడి అక్షరాలు వాడుకోవచ్చు కదా?

జవాబు: 17వ శతాబ్దం మొదట్లో వాడారు, తర్వాత మానేశారు. గొలుసుకట్టు రాత, బొమ్మ ఒకే పలక మీద చెక్కడమే సులువు. పైగా విడి అక్షరాలను విప్పేస్తే మళ్లీ పేర్చాలి, పలకను దాస్తే అడిగినప్పుడల్లా అచ్చేయొచ్చు. జపాన్ పాత కావ్యం గెంజి కథను మార్చి తనెహికో రాసిన, కునిసదా బొమ్మలేసిన పుస్తకం 1829 నుంచి 1842 దాకా ఇలాగే భాగాలుగా వచ్చింది. కొనలేనివాళ్లకు అద్దె పుస్తకాలవాళ్లు మూట వీపున వేసుకుని ఇంటికే తెచ్చిచ్చేవారు.