రాతి వయసు రాస్తున్న తమ్ముడికి

తమ్మీ,

భూపాలపల్లి నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. మంచి విషయం పట్టుకున్నావు. కానీ 'ఫొరామినిఫెరా శిలాజాలను చూసి రాతి వయసు చెబుతారు' అని ఒక్క ముక్కలో దాటేశావు. ఎలా చెబుతారన్నదే కదా అసలు కథ!

ఫొరామినిఫెరా అంటే ఏకకణ జీవులు. చాలావాటి సున్నపు గుల్ల మిల్లీమీటరు కూడా ఉండదు. నీళ్లలో తేలే రకాలు సముద్రాలన్నిటా పరుచుకున్నాయి, వాటి జాతులూ త్వరత్వరగా మారిపోయాయి. అందుకే కాలం చెప్పడానికి అంతగా పనికొస్తాయి. రాతిని పొడిగొట్టి నానబెడతారు. 63 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) జల్లెడలో కడిగి, ఆరబెట్టి, మైక్రోస్కోప్ కింద తడి బ్రష్ కొసతో ఒక్కో గుల్లనూ ఏరతారు. ఈ పని చదివేవాళ్లకు కళ్లకు కట్టాలి, తొందరపడకు.

ఇంకోటి, గుల్ల మీద సంవత్సరం రాసి ఉండదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అది చెబుతుంది. పొరల మధ్య దొరికే అగ్నిపర్వత బూడిదను రేడియోధార్మిక పద్ధతిలో లెక్కగడితే అంకె వస్తుంది. ఒక చోట అంకె కుదిరాక, బూడిద లేని చోట కూడా అదే జాతి ఆధారమవుతుంది.

బోరు వేస్తుంటే పై మట్టి లోపలికి జారి కింది పొడిలో కలవడం చూసే ఉంటావు. చమురు బావుల్లోనూ అంతే. అందుకే పైనుంచి దిగుతుంటే ఒక జాతి మొట్టమొదట తగిలిన లోతునే ఎక్కువ నమ్ముతారు. అది ఆ జాతి అంతరించిన మట్టం. నాకు ఎంతో ఇష్టమైన విషయం ఇది, తప్పకుండా రాయి.

ఉదాహరణకు రాజమండ్రి తీసుకో. అక్కడ లావా పొరల నడుమ ఉన్న సముద్రపు పొరల్లో, డైనోసార్లు అంతరించిన 6.6 కోట్ల ఏళ్ల నాటి మహా వినాశనం తర్వాత కొత్తగా పుట్టిన ఫొరామినిఫెరా దొరికాయి. వాటి ఆధారంగానే భూవిజ్ఞాన శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం 2008లో ఆ లావా ప్రవాహాల కాలాన్ని ఆ వినాశనంతో ముడిపెట్టింది.

సింగరేణి బొగ్గు వయసూ ఇలాగే తేలుస్తారని రాసిన చివరి పేరా మాత్రం కొట్టెయ్. మన బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడినది, సముద్రంలో కాదు, నదుల పక్క చిత్తడి అడవుల్లో పుట్టింది. అక్కడ కాలం చెప్పేవి పుప్పొడి, బీజాణువులు. దాని మీద విడిగా ఇంకో వ్యాసం రాయొచ్చు. ముందు ఇది తిరగరాయి. జల్లెడ, బ్రష్ భాగం పూర్తికాగానే నాకు పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్న, హనుమకొండ