కలం పట్టగానే గుండె దడ

ప్రశ్న: కలంకారీ వేస్తాను. ఒక నెల ఆర్డర్లుంటాయి, ఇంకో నెల ఉండవు. ఈమధ్య కలం పడితే దడ, చేతి వణుకు, రాత్రి నిద్ర లేదు. పని మానేయాలా?
– ఓ పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: ఇప్పుడే ఆ నిర్ణయం వద్దమ్మా, ఇంత టెన్షన్‌లో తీసుకునే పెద్ద నిర్ణయాలను నేను నమ్మను. కరక్కాయ పట్టించిన బట్ట మీద కసిమి, అంటే ఇనుమూ బెల్లమూ ఊరబెట్టి చేసే నల్లరంగు, పడిందంటే ఇక చెరపలేం కదా, ఆ భయం మీ పనిలోనే ఉంది, కాబట్టి దడ వచ్చిన రోజు కసిమి జోలికి పోకుండా చింతబొగ్గుతో బొమ్మ గీసుకోండి, లేదా రంగులు నింపండి, పని ఆగదు. కూర్చునే ముందు ఐదు నిమిషాలు, పీల్చినదానికన్నా నెమ్మదిగా ఊపిరి వదలండి. సాయంత్రం తర్వాత టీ, కాఫీ వద్దు.

డబ్బు భయం మాత్రం ఊపిరితో తీరదు. ఆర్డర్ ఒప్పుకునేటప్పుడే సగం అడ్వాన్స్ అడగండి, మొహమాటం అస్సలు వద్దు, బట్టా రంగులూ మీ సొమ్ముతోనే కదా కొంటున్నారు!

డాక్టరుకు కూడా చూపించుకోండి, థైరాయిడ్ ఎక్కువైనా దడ, వణుకు వస్తాయి. మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. బతకాలనిపించకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆ నంబరుకు ఫోన్ చేయండి.